ప్లాస్మా మాస్టారు చెప్పని మాట

ఆ టీవీల షాపులో అతణ్ని అందరూ ప్లాస్మా మాస్టారు అనేవారు. ఏ టీవీ గురించైనా అంత బాగా విడమరిచి చెప్పేవాడు. షాపు అతని భార్య అన్నగారిది. కాపురం కూడా ఆ షాపు మీది రెండు గదుల్లోనే. అన్నం, ఉద్యోగం, చుట్టరికం అన్నీ ఒకే గుమ్మంలో.

ప్లాస్మా టీవీల తయారీ ఆగిపోయిందని తెలియగానే, మిగిలినవాటిని నెల తిరక్కుండా వదిలించాలని బావగారు పట్టుబట్టాడు.

ఆ వారమే ఒక దర్జీ ఆవిడ వచ్చింది. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయినట్టుంది.

"ఇది ఎలా పనిచేస్తుంది బాబూ? నాకర్థమయ్యేట్టు చెప్పు."

"రెండు అద్దాల మధ్య లక్షల కొద్దీ బుల్లి బుల్లి గదులుంటాయమ్మా. ఒక్కోదాంట్లో కాస్త గ్యాసు. కరెంటు తగిలితే ట్యూబులైటులో లాగే అందులోంచి కంటికి కనబడని వెలుగొస్తుంది. అది గదికి పూసిన రంగు పూతని తాకితే ఎరుపో, ఆకుపచ్చో, నీలమో మెరుస్తుంది. అక్కర్లేని గది దాదాపు ఆరిపోతుంది. అందుకే ఇందులో నలుపు నిజంగా నల్లగా ఉంటుంది."

"మా ఆయన మంచం మీంచి లేవలేరు. కళ్ళు తెరిచింది మొదలు ఒకటే వార్తల ఛానెల్. కొనమంటావా?"

వార్తల ఛానెల్ అనగానే మాస్టారు వద్దని చెప్పబోయాడు. ఈలోగా బావగారు వెనకే వచ్చి భుజమ్మీద చెయ్యి వేశాడు. "చెప్పండి బావగారూ! అమ్మగారికి మీ మాటే నమ్మకం."

"మంచి టీవీయేనమ్మా. అప్పుడప్పుడు ఛానెల్ మారుస్తూ ఉండండి," అన్నాడు మాస్టారు నేల చూపులు చూస్తూ.

"ఎందుకూ?"

"ఊరికే. కళ్ళకి మంచిది."

ఆవిడ కొనేసింది.

ఏడాది తిరక్కముందే ఫోను చేసింది. మాస్టారు వెళ్ళాడు. ఒకటే గది. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడవార మంచం. టీవీలో సినిమా నడుస్తోంది. దాని అడుగున వార్తల పట్టీ, మూలన ఛానెల్ గుర్తు నీడల్లా అంటుకుపోయి ఉన్నాయి.

"ఇది బాగవదమ్మా. అదే బొమ్మ అస్తమానం నిలబడితే అక్కడి రంగు పూత అరిగిపోతుంది. మీరడిగిన రోజే నాకు తెలుసు."

కుట్టుమిషను ఆగింది. "తెలిసి కూడా చెప్పలేదా?"

"వెనక మా బావగారు నిలబడ్డారమ్మా."

మంచం మీదాయన అతణ్ని ఎగాదిగా చూశాడు. "నేనంటే లేవలేను. నీకేమైంది బాబూ?"

మాస్టారు తిన్నగా షాపుకొచ్చాడు. టీవీ మార్చి ఇద్దామంటే బావగారు నవ్వేశాడు. "మీ ఆవిణ్ని అడగండి. సరేనంటే అలాగే."

"అన్నయ్యతో తగువు పెట్టుకుని ఎక్కడికి పోతాం?" అంది భార్య.

మాస్టారు ఇంటి గోడకున్న, బొమ్మ అంత తేలిగ్గా అంటుకోని తమ ఎల్‌సీడీ టీవీని విప్పి, దుప్పటి చుట్టి, తానే మోసుకెళ్ళి ఆ గదిలో బిగించి వచ్చాడు.

తిరిగొచ్చేసరికి భార్య బోసిపోయిన గోడకేసి చూస్తూ కూర్చుంది. "కింద అన్నయ్య రమ్మంటున్నాడు. అమ్ముడవకుండా మిగిలిపోయిన ఆ ఒక్క ప్లాస్మాని ఎవరో అడుగుతున్నారట," అంది.

అతను చొక్కా సర్దుకుని కిందికి దిగాడు.