పడమటి వైపు జాలీ

అతను గేట్లు చేసే వెల్డరు. ఆ వీధిలో సగం గేట్లు అతని చేతివే. ఎవరింటికి వెళ్లినా కుర్చీలో కూర్చోకముందే గేటు ఒకసారి ఊపి చూసి, "ఎవరు చేశారిది, చేతులతోనా కాళ్లతోనా?" అనేవాడు. అలాంటి మనిషి సొంత పెరట్లో కోళ్లగూడు కడుతున్నాడంటే ఆ హడావుడి ఎంతో చెప్పక్కర్లేదు.

కోళ్లు మాత్రం భార్యవి. వంటింట్లో అట్టపెట్టెలో బల్బు కింద పెట్టి పిల్లలప్పటి నుంచి సాకింది. ఇల్లు ఊరి చివర. పెరటి గోడ దాటితే కనుచూపు మేర ఇసుకే. పగలు దాని మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేరు, చీకటి పడితే అందులోంచి నక్కలు వస్తాయి. గూడు లోపల చల్లగా ఉండాలి, నక్క మాత్రం లోపలికి రాకూడదు. ఆమె అడిగింది ఈ రెండే.

పైన రెండు వరసల రేకులు వేసి, మధ్యలో గాలి ఆడేలా జానెడు సందు వదిలాడు. పై రేకుకి తెల్ల రంగు కొట్టాడు. పక్కలకు వేలు దూరని ఇనప జాలీ. తలుపుకి మనిషైనా రెండు చేతులూ వాడితే గానీ రాని గడియ. ఇక నక్క కింద నుంచి తవ్వుకు రాకుండా, చుట్టూ జాలీని మూరెడు లోతున నేలలో పాతాలి. మూడు వైపులా పాతాడు. పడమటి వైపు నేల రాయిలా ఉంది. గునపం వేస్తే ఖంగుమని చెయ్యి అదిరింది. ఇక్కడ నక్క తాతొచ్చినా తవ్వలేడనుకుని, ఆ వైపు జాలీని నేల వరకే కోసేసి పైన ఇసుక సర్దేశాడు.

భార్య టీ తెచ్చి అడిగింది.

"నాలుగు వైపులా పాతారుగా?"

"చేసింది ఎవరనుకుంటున్నావ్?" అన్నాడు.

ఎండలు ముదిరాయి. కోళ్లు ముక్కులు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పసాగాయి. అప్పుడు అతనే పడమటి వైపు గోనెపట్టాలు వేలాడదీసి, అవి చుక్క చుక్కగా తడిసేలా పైన సన్నని పైపు బిగించాడు. వడగాలి ఆ తడిలోంచి వచ్చేసరికి చల్లబడేది. కోళ్లన్నీ అటే చేరి కునికేవి. ఆమె మురిసిపోయింది. గోనె నుంచి కారిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఇద్దరూ చూడలేదు. ఆమెకు చూడాల్సిన పని లేదు, అతనికి ఉంది.

ఒక పొద్దున గింజలు వేద్దామని అతను గడియ తీసి లోపలికి వంగాడు. నిండా ఈకలు. పైన అడ్డకర్ర మీద ఒక్క కోడి మిగిలింది. గోనె ఎత్తి చూస్తే, కింద నేల నాని మెత్తబడిపోయి ఉంది. అందులో ఒక కన్నం. చూసీ చూడగానే కాలితో మట్టి తోసి దాన్ని పూడ్చేశాడు. ఎందుకంటే అతనే చెప్పలేడు. కాలు ముందు కదిలింది. బుద్ధి తరవాత వచ్చింది గానీ, వచ్చి చేసిందేమీ లేదు.

వెనకే వచ్చిన భార్య ఈకలు చూసింది. బార్లా తెరిచి ఉన్న తలుపు చూసింది.

"రాత్రి నేను గడియ వేయలేదా?" అంది.

ఇప్పుడే నేను తీశాను అంటే సరిపోయేది. అతను, "పోనీలే, మనిషన్నాక మర్చిపోవడం ఉంటుంది," అన్నాడు.

ఆ సంగతి వీధంతా పాకింది. కోళ్లన్నీ పోయినా పెళ్లాన్ని పల్లెత్తు మాట అనలేదని అతన్ని మెచ్చుకున్నారు. అది వింటుంటే చెప్పుతో కొట్టించుకున్నా ఇంతకంటే నయమనిపించేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు, నోరూ ఎత్తలేకపోయాడు. ఆమె బజారుకి బయల్దేరి, వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చి తాళం లాగి చూసేది. గ్యాస్ కట్టేశానో లేదోనని పదే పదే వంటింట్లోకి వెళ్లేది. చివరికి, మిగిలిన ఆ కోడిని తీసుకెళ్లిపొమ్మని అక్కకు ఫోన్ చేసింది.

అక్క బుట్ట పట్టుకుని వచ్చింది.

"ఇది చిన్నప్పట్నుంచీ ఇంతే మరిదిగారూ. పొయ్యి మీద పాలు పెట్టి ఊళ్లు తిరిగొచ్చేది. మీరు కాబట్టి ఊరుకున్నారు."

భార్య నవ్వలేదు. "నిజమే అక్కా. ప్రాణమున్నది ఏదీ నా చేతికి ఇవ్వకూడదు," అని కోడిని బుట్టలో కూర్చోబెట్టింది.

అతను లేచి గూటి దగ్గరికి వెళ్లాడు. గోనె పక్కకు లాగి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తోడాడు. కన్నం బయటపడింది. అంచుకు ఈకలు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

"ఈ వైపు జాలీ పాతలేదు," అన్నాడు తల ఎత్తకుండా. "నక్క ఇటు నుంచే వచ్చింది."

అక్క నోరు వెళ్లబెట్టింది. భార్య వంగి కన్నంలోకి చూసింది.

"పూడ్చింది కూడా నక్కేనా?"

"నేనే."

"మరి తలుపు?"

"అదీ నేనే తీశాను, పొద్దున. నువ్వు గడియ వేసే పడుకున్నావు."

ఆమె తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"రాత్రిళ్లు నేను లేచి వీధి తలుపు గడియ తడుముకొచ్చేదాన్ని. మీరు నిద్రపోతున్నారేమోనని అడుగు చప్పుడు కాకుండా నడిచేదాన్ని."

అతను మట్టి చేతుల వంక చూసుకున్నాడు.

"మేలుకునే ఉండేవాణ్ణి," అన్నాడు.