ట్యూబు వద్దన్న ఓడిల్

ఔదెనార్దె ఊరి చివర సైకిల్ కొట్టులో ఆల్మా రెండు టైర్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎదురుగా కూర్చున్న ఓడిల్ ఆమెకు మేనమామ. డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది.

"ట్యూబున్నదైతే రాళ్లబాట మీద ఊరికే పంక్చరవుద్ది మావయ్యా. కానీ వదులుగా ఉంటది, చేత్తో ఊడొస్తది. ట్యూబ్‌లెస్‌లో పాలలాంటి మందు పోస్తాం. గాజుపెంకు గుచ్చుకున్నా అదే పూడ్చేస్తది, నువ్వు దిగక్కర్లేదు. పెద్ద కోత పడితే మాత్రం టైరు విప్పాలి, అది విప్పేసరికి నా బొటనవేళ్లే పడిపోతాయి. ఏవీ, నీ చేతులు చూపించు."

ఓడిల్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "ట్యూబ్‌లెస్ వెయ్యి."

"హెల్మెట్ పట్టీ పెట్టుకోలేక ప్రతి ఆదివారం నా దగ్గరికొస్తున్నావు. నాకు తెలీదనుకున్నావా?"

"తెలిస్తే నోరు మూసుకుని వెయ్యి."

అతని దిగులంతా ఆదివారం పూట కలిసి సైకిళ్లు తొక్కే గుంపు గురించే. ఆ గుంపుకొక రూలుంది. పంక్చరైనవాడు తనే బాగుచేసుకోవాలి, ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. పావుగంటలో కాకపోతే మిగతావాళ్లు వెళ్లిపోతారు, వాడు వచ్చే వారం నుంచి కేకుల గుంపులో తొక్కాలి. కాఫీ కొట్టు కనబడితే చాలు, దిగి కేకులు తినే రెండో గుంపు అది. రూలు పెట్టింది ఓడిలే, ముప్పై ఏళ్ల కిందట, నాలుగు నిమిషాల్లో ట్యూబు మార్చే రోజుల్లో. వేళ్లు వంగని రోజొకటి వస్తుందని వయసులో ఉన్నవాడికి ఎందుకు తోస్తుంది?

ఏప్రిల్లో ఒక ఆదివారం రాళ్లబాట మీద అతని టైరు బుస్సుమని తెల్లటి చుక్కలు చిమ్మి, నాలుగు చుట్లు తిరిగేలోగా తనే మూసుకుంది. ఓడిల్ లోలోపల మురిసిపోయాడు. కాసేపటికి రోంబౌట్ ట్యూబు పోయింది. నలభై ఏళ్లుగా ఓడిల్ పక్కన తొక్కుతున్నవాడు. కొత్త ట్యూబు పెట్టాడు గానీ టైరు చివరి జానెడు రిమ్ములోకి ఎక్కడం లేదు. వేళ్లు వణుకుతున్నాయి. పన్నెండు నిమిషాలైపోయాయి.

"కాస్త చెయ్యెయ్యి ఓడిల్. రూలు పెట్టినోడివి, నిన్నెవడడుగుతాడు?"

వేస్తే గుట్టు రట్టవుతుంది.

"రూలు రూలే," అని ఓడిల్ పావుగంట కాగానే అందరికంటే ముందు సైకిలెక్కాడు. ఇంటికి చేరేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం అతను ఆల్మా దగ్గరికి వెళ్లలేదు. చర్చి ముందు ఎనిమిదింటికి మొదటి గుంపు బయల్దేరింది. ఓడిల్ కదల్లేదు. కేకుల గుంపులో నిలబడ్డ రోంబౌట్ మొహం చూడకుండానే అడిగాడు.

"పంక్చరా?"

"టైరుకేం, గుండ్రాయిలా ఉంది." ఓడిల్ జేబుల్లోంచి చేతులు తీశాడు. వేళ్లు వంకర్లు తిరిగి ఉన్నాయి. "ఈ హెల్మెట్ పట్టీ పెట్టు. నాకు చేతకాదు. ఆ రోజూ చేతకాకే పోయాను."

రోంబౌట్ తన సైకిలు గోడకు ఆనించి దగ్గరికొచ్చాడు.

"చెప్పి చావొచ్చుగా, ముసలోడా," అంటూ అతని గడ్డం కింద చెయ్యి పెట్టాడు. పట్టీ అతని వేళ్లకూ లొంగలేదు. చివరికి ఒక కొస ఓడిల్ పట్టుకుంటే, రెండోది రోంబౌట్ నొక్కాడు.