మామ పేరు

నా మనవరాలిని బడి దగ్గర నుంచి ఎత్తుకుపోయింది నేనేనని జిల్లా కోర్టు రికార్డులో ఉంది. అది అబద్ధం. దాన్ని ఎవరూ దిద్దలేదు. ఇక దిద్దరు.

ఎత్తుకుపోయినవాడు నా వియ్యంకుడు బల్తాబాయ్. అప్పటికే నా కూతురు సల్కినాయ్ పిల్లని వెంటపెట్టుకుని మొగుడింటి నుంచి నా దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. నా భార్య పోయింది. ఎందుకొచ్చావని నేను అడగలేదు. ఆవు డొక్కకి తల ఆనించి పాలు పితుకుతూ, నా వైపు చూడకుండా, ముక్కలు ముక్కలుగా తనే చెప్పింది.

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చినా పొద్దున పొయ్యి తనే వెలిగించాలి. వాకిట్లో మంచు తనే ఎత్తిపొయ్యాలి. చుట్టాలొస్తే తలుపు పక్కన కూర్చుని, వాళ్ళు లేచేదాకా టీ పోస్తూ ఉండాలి. మిగిలింది చల్లారాక తినాలి. ఇవన్నీ ఏ కోడలికైనా ఉన్నవే అనుకుని చేసింది. తన పేరు సల్కినాయ్ అని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదని, ఆసుపత్రిలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తననేనని తట్టడానికి కాస్త సమయం పడుతోందని చెప్పింది. తను వాళ్ళెవరి పేర్లూ పలకకూడదు. మామ పేరు అసలే కూడదు. మామని నాన్న అనాలి. బల్తా అంటే మా భాషలో గొడ్డలి. కాబట్టి గొడ్డలిని గొడ్డలి అనడానికీ లేదు. పక్కింటి ఆడవాళ్ళు వచ్చినప్పుడల్లా అత్త ఉర్కియా అడిగేది: "కోడలా, కట్టెలు దేంతో కొట్టావో చెప్పు, వీళ్ళు వింటారట." నరికేదాంతో అని ఇది చెప్పాలి. వాళ్ళు నవ్వాలి. ఒకసారి జ్వరంలో నోరు జారి గొడ్డలి అనేసింది. ఆ సాయంత్రం ఇంట్లో పెద్దలందరి ముందూ వంగి వంగి దణ్ణం పెట్టించారు. మొగుడు తాలాయ్ అక్కడే ఉన్నాడు. "ఒక్క మాట మింగితే నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు తర్వాత.

అదంతా ఓర్చుకుంది. కానీ కూతురు బేగిమాయ్ ఒకరోజు ఆడుకుంటూ, పక్కింటి పిల్లతో, "ఆ నరికేదాన్ని ముట్టుకోకు" అంది. దానికి ఎవరూ నేర్పలేదు. సల్కినాయ్ మర్నాడే బయల్దేరింది.

బల్తాబాయ్ పిల్లని ఎత్తుకుపోయాక, విడాకులకీ పిల్ల కోసమూ కోర్టుకెక్కాం. మా వకీలు పెరిజాత్ జాగ్రత్తలన్నీ చెప్పింది. మొగుణ్ణి తిట్టొద్దంది. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దంది. పిల్లని చూడ్డానికి వెళ్ళి ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు, రాజీ పడ్డారంటారంది. "చివరిది ముఖ్యం చెల్లీ. ఎవరు ఏం చేశారో పేరుతో చెప్పు. నువ్వు పలికిందే వాళ్ళు రాసుకుంటారు." నా కూతురు అన్నీ పాటించింది, ఆ చివరిది తప్ప.

పిల్లని బడి నుంచి ఎవరు తీసుకెళ్ళారని జడ్జి అడిగాడు.

"నాన్న," అంది.

ఎవరి నాన్న అన్నాడు. ఇంటి పెద్దాయన అంది. వాళ్ళ వకీలు లేచాడు. ఈవిడ ఉంటున్నది వాళ్ళ నాన్న ఇంట్లోనే, పెద్దాయన అదిగో కూర్చున్నాడని నన్ను చూపించి, పిల్ల తాత దగ్గరే ఉంటే మరి గొడవేమిటి అన్నాడు. జనం నవ్వారు. పెరిజాత్ ఏదో చెప్పబోతే, ఆవిణ్ణే చెప్పనివ్వండి అన్నాడు జడ్జి. ఇది నోరు విప్పలేదు. బల్తాబాయ్ ముందు వరసలో టోపీ మోకాలి మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఆ నాన్న నేనేనని కోర్టు గుమాస్తా రాసేశాడు. కలిసి బతకడానికి ప్రయత్నించండి, గడ్డికోతలయ్యాక రండి అన్నాడు జడ్జి.

ఆ వేసవి దాని మీద దానికే నమ్మకం లేదు. పేరు చెబితే, మామ పేరెత్తిన సిగ్గులేనిది ఆడపిల్లని ఏం పెంచుతుందంటారు. చెప్పకపోతే పిల్ల అక్కడే ఉండిపోతుంది. చెప్పాక, తీర్పు వచ్చేలోగా, ఆ ఇంట్లో పిల్లని ఏమంటారో. అన్నం పెడతారో లేదో కాదు దాని భయం, పెడుతూ ఏం చెబుతారోనని. గడ్డి పోగుచేస్తూ ఉన్నట్టుండి ఆగేది. పెదాలు బ అన్నట్టు కలిసేవి, అంతే. మళ్ళీ పంగలకర్ర ఎత్తేది. నాలుక మందమవుతోందని, తన నోరు తనకి ఎవరో అరువిచ్చినట్టుందని చెప్పింది. ఆ పేరు నేను రోజుకి వందసార్లు అనగలను. నేనంటే పనికిరాదు.

పిల్లతో ఫోన్‌లో మాట్లాడనిచ్చేవాళ్ళు, ఉర్కియా పక్కనుండగా. ఒకరోజు పిల్ల సంబరంగా చెప్పింది: "అమ్మా, నేను తలుపు దగ్గర కూర్చుని టీ పోస్తున్నా. ఒక్క చుక్క ఒలకలేదు."

సల్కినాయ్ ఫోన్ పెట్టేసి చాలాసేపు చేతులు కడుక్కుంది.

కోతలయ్యాక మళ్ళీ వెళ్ళాం. జడ్జి అదే ప్రశ్న అడిగాడు. ఇది నిలబడింది.

"బల్తాబాయ్," అంది. "కోయ్చు కొడుకు బల్తాబాయ్."

చచ్చిపోయిన ముసలాయన పేరు కూడా కలిపి చెప్పింది. ఉర్కియా కొంగుతో మొహం కప్పుకుంది. చూశారా అని వాళ్ళ వకీలు లేచాడు. జడ్జి కూర్చోమన్నాడు. వినపడలేదు, ఇంకోసారి చెప్పమ్మా అన్నాడు. వినపడింది వాడికి. ఇది ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా చెప్పింది.

విడాకులిచ్చారు. పిల్లనిచ్చారు. మొదటిసారి రాసుకున్నది మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. మెట్ల మీద బల్తాబాయ్ నన్ను ఆపాడు. "నీ కూతురు నలుగురిలో నా పేరు పెట్టి పిలిచిందయ్యా," అన్నాడు. పిల్ల ఊసెత్తలేదు. పేరున్నాక పిలుస్తారు అన్నాను.

ఊళ్ళో కూడా అదే. పిల్లని ఎవరు ఎత్తుకుపోయారని ఎవరూ అడగరు. కోడలు ఆ పేరెలా అనగలిగిందనే అడుగుతారు.

తిరిగి వస్తుంటే పిల్ల వెనక సీట్లో నిద్రపోయింది. కనుమ దిగాం. కిటికీ బయటికి చూస్తూ సల్కినాయ్ అంది: "నాన్నా, అమ్మ నీ పేరు పలకగా నేనెప్పుడూ వినలేదు. పలకాలనుందా అని నువ్వెప్పుడైనా అడిగావా?"

నేను బండి నడుపుతున్నాను. రోడ్డు మీద రాళ్ళున్నాయి. ఆ మాట మళ్ళీ ఎత్తొద్దని చెప్పాను. అది ఎత్తలేదు. నేనూ ఎత్తను, మీ దగ్గరైనా, ఎవరి దగ్గరైనా.