డిటెక్టివ్ దుబ్బయ్య ఉరికిన నలభై సెకన్లు

బామ్మర్ది రఘుపతి పేరెత్తితే చాలు, పోశంకు నోట్లో ముద్ద చేదెక్కుతుంది. రఘుపతి చేసింది చూడటానికి చిన్న పనే. ఒక్క వాక్యం రాశాడు. నల్ల తెర మీద పచ్చటి అక్షరాలతో మూడు సెకన్లు నిలిచి మాయమయ్యే వాక్యం. ఏడో తరగతిలో బడి మానేసిన పోశం దాన్ని కూడబలుక్కుని చదివేలోపే అది వెళ్ళిపోయింది. చదవాల్సినవాళ్ళు మాత్రం ఆపి ఆపి చదివారు.

పోశం గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయిలో పంపు ఖలాసీ. నీళ్ళు తోడే పంపు పక్కన కూర్చునే పని. కూర్చునే పనేగదా అని ఊళ్ళో చుట్టాలు అంటారు. ఆ కూర్చునే చోటికి చేరాలంటే ఏటవాలు దారిలో మైలున్నర దిగాలి, డ్యూటీ దిగాక అంత దూరమూ ఎక్కాలి. అది వాళ్ళకేం ఎరుక. పదకొండేళ్ళ కింద పైకప్పు నుంచి బొగ్గు పెళ్ళ ఊడి అతని కుడి మోకాలి మీద పడింది. ఎముక అతికింది గానీ మోకాలు మళ్ళీ సరిగా మడత పడలేదు. ఎడమ కాలు గట్టిగా మోపి, కుడి కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. వానాకాలంలో అయితే ఆ ఈడ్చడం కూడా కష్టమే.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఈ మనిషి బాయి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాసిస్తే, అతని కొలువు కొడుకుకు వస్తుంది. అదీ సర్వీసు ఇంకా రెండేళ్ళు మిగిలుండగానే కావాలి. ఆ గీత దాటితే అన్‌ఫిట్ అయినా ఉత్త చేతులే. అప్పటికి పోశంకు మిగిలింది రెండేళ్ళ ఏడు నెలలు. కొడుకు ఉపేందర్ డిగ్రీ చదివి, బొగ్గు లారీల మీద క్లీనరుగా తిరుగుతున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు, బాపు కొలువు నీకు రాసిండా అని.

కొలువు అంటే అది ఒక్కడిదే కాదు, ఇంటి ఆస్తి. అందుకే ఈ బొగ్గు బెల్టులో ఏ ఇంట్లోనైనా బోర్డుకు దరఖాస్తు పెట్టకముందే పెద్దమనుషులు కూర్చుంటారు. కొలువు ఒకరికి, భూమి ఇంకొకరికి. పోశం ఇంట్లోనూ అట్లాగే తెగింది. కొలువు ఉపేందర్‌కు, జైపూరు శివారులో ఉన్న భూమి బిడ్డ యమునకు. తమ్ముని కొలువులో నాకు వాటా వద్దని యమున కాగితం మీద సంతకం పెట్టింది. వారం తిరగకముందే పట్టా ఆమె పేరు మీదికి మారింది. పోశం భార్య మల్లక్క ఆ రోజే అడిగింది, కొలువు చేతికొచ్చినంక భూమి ఇస్తే ఏంబోయిందని. పెద్దమనుషుల ముందు మాట ఇచ్చినంక ఆగుతరా అని పోశం ఆమె మీదికే లేచాడు. ఇప్పుడామె ఆ మాట ఎత్తదు. ఎత్తకపోవడమే ఎక్కువ నొప్పి.

బోర్డు పిలుపు కోసం చూస్తూ సిక్కు లీవు మీద ఇంట్లో ఉన్న రోజుల్లో రఘుపతి వచ్చాడు. రఘుపతిది చౌరస్తాలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసే దుకాణం. మూడు షార్ట్ ఫిల్ములు తీసి, ఫోన్లో పెట్టి, తనను తాను డైరెక్టరని పిలిపించుకునేవాడు. ఈసారి గంటన్నర సినిమా తీస్తానన్నాడు. కాలనీలో వరసగా గ్యాసు సిలిండర్లు పోతుంటాయి. దొంగను పట్టడానికి దుబ్బయ్య అనే డిటెక్టివ్ దిగుతాడు. వాడు ముట్టిందల్లా చెడిపోతుంది, అడిగిన ప్రతి మనిషీ వాడికే ఎదురు ప్రశ్న వేస్తాడు. అదీ కథ.

“దుబ్బయ్యవు నువ్వే బావా,” అన్నాడు రఘుపతి. “నువ్వేం యాక్టింగ్ చెయ్యద్దు. ఉత్తగ నడువు. సాలు.”

“కుంటోణ్ని సూసి నవ్వుతరనా?”

“నవ్వితె తప్పేంది? బాయిల ఇరవై తొమ్మిదేండ్లు సేసినవ్, ఎవడన్న నీ దిక్కు సూసిండా?”

ఆ మాట పోశంకు తగలాల్సిన చోటే తగిలింది. మూడో రోజుకల్లా మట్టిరంగు కోటు వేసుకుని, నెత్తిన టోపీ పెట్టి, చేతిలో సంతలో కొన్న భూతద్దంతో క్వార్టర్ల మధ్య తిరుగుతున్నాడు. ఇంటి గోడల వెనక ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే అతనికి సిగ్గు వేయలేదు. ఏళ్ళ తర్వాత మోకాలు బరువనిపించలేదు.

సినిమా మొత్తంలో జనం పడి పడి నవ్వింది ఒక సీనుకు. సిలిండరు పోయిన ఇంటి ముందు బురదలో అడుగుజాడలు ఉంటాయి. దుబ్బయ్య భూతద్దం పెట్టి చూసి, దొంగకు ఒక కాలు కుంటిదని తేలుస్తాడు. ఒక అడుగు లోతుగా దిగింది, ఇంకో అడుగు గీతలాగా ఈడ్చుకుపోయింది కదా మరి. ఆ జాడ పట్టుకుని క్వార్టర్ల చుట్టూ తిరుగుతాడు. తిరిగిన కొద్దీ జాడలు పెరుగుతాయి. దొంగలు ముఠాగా వచ్చారని కాలనీ అంతటినీ హెచ్చరిస్తాడు. ఆ జాడలు తనవేనని కాలనీలో చిన్న పిల్లతో సహా అందరికీ తెలుసు, ఒక్క దుబ్బయ్యకు తప్ప.

చివర్లో దొంగ దొరికి ఉరుకుతాడు. దుబ్బయ్య వెంట పడాలి. రైలు పట్టాలు దాటి, ప్రహరీ గోడ దూకి, ఓపెన్‌కాస్టు గని మట్టి దిబ్బ మీది నుంచి జారాలి. పోశం రెండడుగులు వేసి మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. రఘుపతి కాసేపు తల గోక్కుని, ఫరీద్ కొడుకు తాబిష్‌కు ఫోను చేశాడు.

ఫరీదూ పోశమూ పద్దెనిమిదేళ్ళు ఒకే గ్యాంగులో పనిచేశారు. ఫరీద్ ఊపిరితిత్తులు బొగ్గు ధూళికి పాడై అన్‌ఫిట్ అయ్యాడు. ఆ కొలువు తాబిష్‌కు వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. ఏడాది నిండితేగానీ పర్మినెంటు కాదు, అప్పటిదాకా డ్యూటీలో ఏ తప్పు దొరికినా కొలువు ఊడుతుంది. ఆ పొద్దు తాబిష్‌ది మొదటి షిఫ్టు. మస్టరులో హాజరు వేయించుకుని, యార్డు గోడ దూకి వచ్చాడు. పోశం విప్పిచ్చిన కోటూ టోపీ తాను తొడుక్కుని, కెమెరాకు వీపు చూపిస్తూ నలభై సెకన్లు లేడిపిల్లలాగా ఉరికాడు. మళ్ళీ గోడ దూకి డ్యూటీలో కలిశాడు. అందరూ చప్పట్లు కొట్టారు, పోశం కూడా.

ఉగాదికి సినిమా ఫోన్లలోకి వచ్చింది. పదిరోజుల్లో రెండు లక్షల మంది చూశారు. పోశం చాయ తాగడానికి పోతే హోటలువాడు పైసలు తీసుకోలేదు. సినిమా అయిపోయాక పేర్లు పడే చోట రఘుపతి సొంత తెలివి చూపించాడు. ‘ఇందులోని సాహస దృశ్యాలన్నీ మా హీరో పోశం డూపు లేకుండా స్వయంగా చేసినవి.’

ఎవరో ఆకాశరామన్న ఆ నలభై సెకన్లనూ, ఆ వాక్యాన్నీ కత్తిరించి ఆఫీసుకు పంపాడు. మోకాలు మడత పడదని బోర్డుకు దరఖాస్తు పెట్టిన పంపు ఖలాసీ గోడలు దూకుతున్నాడని. వారంలోపు ఎంక్వయిరీ కాగితం వచ్చింది.

పోశం ఆ కాగితం పట్టుకుని రఘుపతి దుకాణానికి పోయాడు. రఘుపతి ముఖం పాలిపోయింది గానీ నోరు పాలిపోలేదు. పేరు కోసమే గట్ల రాసిన బావా, నీ పేరే గదా పెంచిన అన్నాడు. ఆ తర్వాత డ్రాయరు గెలికి, ఒక పెన్‌డ్రైవు తీసి పోశం చేతిలో పెట్టాడు. షూటింగు నాటి అసలు వీడియో అందులో ఉంది. తాబిష్ కోటు తొడుక్కోవడం, టోపీ పెట్టుకుని పళ్ళికిలించడం, తారీకు, గంట, అన్నీ.

“గిది సూపిస్తె నువ్వు బయట పడ్తవ్ బావా. నేను సాచ్చెం గూడ చెప్త.”

“పోరని కొలువు?”

“అది నీ ఇష్టం,” అన్నాడు రఘుపతి, కంప్యూటరు వైపు తిరిగి.

ఉచ్చు పన్నింది వాడు. ముడి మాత్రం పోశం చేతికి ఇచ్చాడు.

ఎంక్వయిరీకి రెండు రోజుల ముందు పోశం సెంటినరీ కాలనీలో ఫరీద్ ఉంటున్న క్వార్టరుకు పోయాడు. అడగడానికే పోయాడు. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. నీ కొడుకుకు కొలువు వచ్చింది, నా కొడుకుకు రావద్దా, ఆ ఉరికిందేదో వాణ్నే వచ్చి ఒప్పుకోమను అని. లోపలికి అడుగు పెట్టేసరికి ఫరీద్ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఫోన్లో అదే సినిమా చూస్తున్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. తన కొడుకు గోడ దూకే చోట ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూస్తున్నాడు. ఎంక్వయిరీ సంగతి ఆయనకు తెలియదు.

“సూడు పోశం, మావోడు ఎట్ల ఎగిరిండో,” అన్నాడు. “నీ పేరు మీద ఎగిరిండు. మనిద్దరి కాళ్ళు వానికే వచ్చినయ్.”

నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఫరీద్ భార్య షహజాదీ బేగం ఆయన వీపు నిమురుతూనే పోశంకు చాయ పెట్టిచ్చింది. పోశం చాయ తాగాడు. కూర్చుకున్న మాటలు కూర్చుకున్నట్టే పెట్టుకుని లేచాడు.

తాబిష్ గేటు దాకా వెంట వచ్చాడు. ఎంక్వయిరీ సంగతి వాడికి అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. పర్మినెంటు కావడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. తల వంచుకుని చెప్పులతో మట్టి గీకుతూ నిలబడ్డాడు.

“కాకా, అబ్బాకు జెప్పకు,” అన్నాడు.

నా పేరు చెప్పకు అనలేదు. అట్లా అని ఉంటే పోశంకు కోపమైనా వచ్చేది, ఆ కోపంలో పనైనా జరిగేది. నేనొచ్చి చెప్తానని కూడా అనలేదు. పోశం కాలు ఈడ్చుకుంటూ బస్సు దాకా నడిచాడు.

ఎంక్వయిరీ గదిలో ముగ్గురు కూర్చున్నారు. బల్ల మీద లాప్‌టాపు ఉంది. పోశం చొక్కా జేబులో పెన్‌డ్రైవు ఉంది. బయట బెంచీ మీద ఉపేందర్ కూర్చున్నాడు. కొడుక్కి పెన్‌డ్రైవు సంగతి తెలుసు. లోపలికి పోయేముందు తండ్రి జేబు వైపు చూసి, ఆ తర్వాత అవతలికి చూశాడు.

ఆఫీసరు మొదట సినిమా కొంత చూద్దామన్నాడు. అడుగుజాడల సీను వచ్చింది. ముగ్గురూ నవ్వారు. ఒకాయనకు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ నవ్వులో పోశంకు చిన్న ఆశ పుట్టింది. లేచి, తెర మీద వేలు పెట్టి చూపించాడు.

“సార్, ఈ జాడ సూడుండ్రి. ఈడ్చిన గీత. అది నా కాలే సార్. అది యాక్టింగు గాదు.”

“బాగనే జేసినవయ్యా,” అన్నాడు ఆఫీసరు, కళ్ళు తుడుచుకుంటూ. “అచ్చం కుంటోని తీరుగనే ఉన్నది.”

నిజమైన కుంటి నడక వేషం అయింది. తర్వాత నలభై సెకన్లు వచ్చాయి. ఎవరూ నవ్వలేదు. పచ్చటి అక్షరాల దగ్గర ఆఫీసరు వీడియో ఆపి, ఆ వాక్యాన్ని పైకి చదివాడు.

పోశం తనది కాదన్నాడు, డూపు అన్నాడు. అయితే ఆ డూపు ఎవరు అని అడిగారు. ఎవరో బయటిపోరడు, పేరు తెలియదన్నాడు. ఆఫీసరు కలం కింద పెట్టాడు. ఊరికే డూపు అంటే అందరూ అదే అంటారని, మనిషిని తెచ్చి నిలబెడితేనో, ఏదైనా రుజువు పెడితేనో రాసుకుంటామని, లేకపోతే ఉన్నదే రాయాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పాడు. చెడ్డమనిషి కాదు. టైము కూడా ఇచ్చాడు, చాయ తెప్పించాడు.

పోశం చెయ్యి జేబు మీదికి పోయింది. గుడ్డ మీది నుంచి పెన్‌డ్రైవు వేలికి తగిలింది. తలుపు సందులోంచి ఉపేందర్ మోచెయ్యి కనబడుతోంది. తీస్తే ఒక ఇల్లు కూలుతుంది, తీయకపోతే ఇంకోటి. రెండిట్లోనూ కొడుకే ఉన్నాడు, రెండిట్లోనూ బాయి దిగి పాడైన తండ్రే ఉన్నాడు. తేడా అంతా ఒక్కటే, ఆ ఇంట్లో తండ్రి ఇంకెన్నాళ్ళో ఉండడు. ఆ దగ్గు చెవుల్లో ఇంకా వినబడుతూనే ఉంది.

“చెప్పు పోశం. ఉరికింది ఎవరు?”

“నేనే సార్,” అన్నాడు పోశం.

చెప్పి సంతకం పెట్టాడు. కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. ఆఫీసరు అదీ చూశాడు. సినిమా అయిపోయింది కదా, ఇంక చాలన్నట్టు చిన్నగా నవ్వాడు.

పోశం పనికి ఫిట్ అని పది రోజుల్లో కాగితం వచ్చింది. మళ్ళీ బోర్డు ముందుకు పోయే వంతు వచ్చేసరికి రెండేళ్ళ గీత దాటిపోతుంది. అబద్ధం చెప్పి అన్‌ఫిట్ కోరినందుకు హెచ్చరిక కూడా అందులోనే ఉంది. ఉపేందర్ ఆ కాగితం చదివి, మడిచి, తండ్రి పక్కన పెట్టి లారీ ఎక్కాడు. అప్పటి నుంచి ఏదైనా అడగాలంటే తల్లితో అడిగిస్తాడు. యమునకు ఫోను చేసి పోశం సగం భూమైనా తమ్మునికి తిరిగి రాయమన్నాడు. కొలువు పోగొట్టింది నేనా బాపూ అన్నది ఆమె. పైగా అందులో ఇప్పటికే బోరు వేశారు, పునాది తీశారు. తాబిష్ పర్మినెంటు అయిన రోజు షహజాదీ బేగం డబ్బా నిండా ఖుబానీ మీఠా తీపి పంపింది. మల్లక్క దాన్ని ముట్టలేదు. పోశం తిన్నాడు.

సోమవారం మొదటి షిఫ్టుకు దిగాడు. ల్యాంపు రూములో లైటు ఇచ్చేవాడు డిటెక్టివ్ సాబ్ అని సలాం కొట్టాడు. గ్యాంగువాళ్ళు వరసగా దాటిపోతూ, ఉరుకు దుబ్బయ్యా ఉరుకు అని పరాచికమాడారు. వాళ్ళు ముందుకు పోయాక మైలున్నర ఏటవాలు దారిలో అతనొక్కడే మిగిలాడు. నీళ్ళు ఊరి బొగ్గు బురదగా ఉంది. సగం దూరంలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగి, నెత్తి మీది లైటు వెనక్కి తిప్పి చూశాడు. ఒక అడుగు లోతుగా, ఒక గీత. ఒక అడుగు, ఒక గీత. పైనున్న వెలుతురు దాకా అవే జాడలు. ఇన్నేళ్ళుగా రోజూ ఉంటున్నాయి, ఏ డిటెక్టివూ వచ్చి చూడలేదు.

పెన్‌డ్రైవు ఇంకా ఇంట్లో గూట్లోనే ఉంది. రఘుపతి రెండో భాగం తీస్తానని కబురు పంపుతున్నాడు. ఇంకో రెండేళ్ళు పోశం దిగాలి, ఎక్కాలి. అవయ్యాక కొడుక్కి కొలువు లేదు, తనకు కాలు లేదు. ఇక భూమి అంటారా, అది జైపూరు శివారులో వాగు పక్కన నల్లరేగడి, రెండు పంటలు పండేది, ఒక ఎకరం పదమూడు గుంటలు.