చక్రం మీద వేలు

"కప్పలు చలికాలమంతా మట్టిలో భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుంది నిద్రపోతాయి" అని ఉంది తెర మీద.

"చూశావురా? నా చేత్తో దిద్దిన పాఠమే ఇది. ఇంకొక్కసారి ఇలాంటిది వచ్చిందంటే పని వేరేవాళ్లకిచ్చేస్తామని ప్రచురణ సంస్థవాళ్లు ఫోను చేసి మరీ చెప్పారు" అంది అక్క.

అక్క బడిపుస్తకాలు దిద్దడంలో చెయ్యి తిరిగిన మనిషి. తమ్ముడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఇంట్లో అతనికి కుదురులేనయ్య అని పేరు. తప్పు దొరికేదాకా కుర్చీ అతన్ని భరించలేదు, అతను కుర్చీని భరించలేడు. పొద్దుటినుంచి రెండు మౌస్‌లు మార్చాడు, పాఠాలు దిద్దే ఎడిటర్ ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించాడు, గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూ టేబుల్ మీద వేళ్లతో దరువేశాడు. భూమి మాత్రం కప్పల పాఠంలో తిరగడం మానలేదు.

"దీనికి దెయ్యం పట్టిందక్కా."

"నీ వేళాకోళం తర్వాత. ముందు బాగుచెయ్యి."

చివరికి సగం సంగతి తేలింది. ఆ ఎడిటర్‌లో ఏ వాక్యం సెలెక్ట్ అయి ఉంటే అది, మౌస్ చక్రాన్ని బటన్‌లా లోపలికి నొక్కగానే, బాణం ఉన్నచోట వచ్చి పడుతుంది. అక్కకేమో చదివే ప్రతి వాక్యాన్నీ సెలెక్ట్ చేసుకుంటూ పోవడం అలవాటు. కాగితాల రోజుల్లో వరుస తప్పకుండా కింద స్కేలు పెట్టుకునేది, ఇదీ అలాంటిదే. సరే, ముందు పాఠంలో ఆఖరున సెలెక్ట్ చేసిన భూమి వాక్యం అలా సిద్ధంగా ఉంది. మరి నొక్కుతున్నదెవరు?

చక్రం నొక్కుడు పడినప్పుడల్లా టిక్కుమనేలా చిన్న ప్రోగ్రాం రాశాడు. తను కూర్చుని పేజీలన్నీ పైకీ కిందకీ తిప్పాడు. చప్పుడు లేదు. అక్కని కూర్చోబెట్టాడు.

టిక్. టిక్, టిక్.

"ఏమిట్రా అది?"

"ఏం లేదు, పరీక్ష."

అక్క తెరవైపు చూస్తోంది. అతను ఆమె వేలివైపు చూశాడు. తిప్పడం ఆపిన తర్వాత కూడా ఆ వేలు చక్రం మీద సన్నగా వణుకుతూ, దాన్ని కిందికి అదుముతూనే ఉంది. అతను కిటికీ దాకా వెళ్లి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. నాన్న మొదట వేళ్లు వణికి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. పెద్దతనం అనుకున్నారంతా. ఆ తర్వాత చెంచా పట్టుకోలేకపోయాడు. చివరిదాకా అన్నం తినిపించింది అక్కే.

"కాస్త లేక్కా" అని సెట్టింగుల్లోకి వెళ్లి, చక్రం నొక్కితే ఏ పనీ జరగకుండా ఒక్క టిక్కు గుర్తు తీసేశాడు. తన ప్రోగ్రామునీ మూసేశాడు. "సెట్టింగులో తిరకాసు. ఇక నువ్వెంత తిప్పినా భూమి కదలదు."

అక్క పాఠమంతా తిప్పి చూసింది. ఎక్కడా ఒక్క అక్షరం అదనంగా పడలేదు. అయినా నవ్వలేదు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.

"అయితే తప్పు మిషన్‌దేనా?"

"మిషన్‌దే."

"నా చెయ్యి కాదు కదా?"

అతను తిరగడం ఆపేశాడు.

"ఎన్నాళ్లనుంచో ఇదే బెంగరా. డాక్టరు దగ్గరికని బయల్దేరి వీధి చివరినుంచి వెనక్కొచ్చేశాను. మిషన్ పాడైతే నాకు డాక్టరెందుకని నిన్ను పిలిచా. అయినా ఫోను చేస్తే డాక్టరు రేపు రమ్మన్నాడు. రానని చెప్పేస్తాలే" అంటూ ఫోను అందుకుంది. ముఖం తేటపడింది. ఆ ముఖం చూసి అతనికి ఏడుపొచ్చింది.

"ఫోను పెట్టెయ్యక్కా."

తీసేసిన టిక్కు గుర్తు మళ్లీ పెట్టాడు. ప్రోగ్రాం తెరిచాడు. ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"తిప్పు."

టిక్. టిక్, టిక్.

ఈసారి అక్క తెరవైపు చూడలేదు. తన వేలినే చూసుకుంది.

"నేనేనా?"

"నువ్వేనక్కా. ఇందాక అబద్ధం చెప్పాను." కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "రేపు ఎన్నింటికి రమ్మన్నాడు? నేనొస్తాను."

అక్క మౌస్ వదిలేసి అతని కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుంది. పొద్దుటినుంచి దరువేస్తున్న ఆ వేళ్లని ఒక్కొక్కటే చాపి చూసింది.

"రా. నీదీ చూపిద్దాం" అంది.