నూట పన్నెండు దాటని నాడి

బక్కయ్య ఒళ్ళు దాచుకున్నాడని కాగితం మీద రాశారు. అది అబద్ధం. అబద్ధమని తెలిసిన మనిషి పరీక్ష జరిగిన గదిలో ఇంకొకడు ఉన్నాడు. వాడు సొంత తమ్ముడు బెంజమిన్.

నాలుగేళ్ళ కింద గనిలో పైనుంచి బండ కూలి బక్కయ్య వెన్ను విరిగింది. రొమ్ము నుంచి కిందికి స్పర్శ పోయింది. చక్రాల కుర్చీలో కూర్చుని చేయగల పని ఒక్కటే మిగిలింది: ల్యాంప్ రూంలో గనికి దిగేవాళ్ళకు దీపాలు అందించడం. అది దక్కాలంటే ఒంటి సత్తువ పరీక్ష నెగ్గాలి. చేతులతో పది నిమిషాలు పెడళ్ళు తిప్పాలి, నాడి నూట యాభై దాటాలి. దాటకపోతే మనసు పెట్టి తిప్పలేదని లెక్క.

భార్య ప్రేమమ్మ పాత సైకిల్ పెడళ్ళు బల్లకు బిగించి రోజూ తిప్పించేది. గడియారం చూసేది కాదు. నాలుగు చరణాల కీర్తన నిదానంగా రెండుసార్లు పాడితే పది నిమిషాలు. పోయిన వానాకాలం కామెర్లతో ఆమె చచ్చిపోయింది. అప్పటినుంచి కీర్తన తనే పాడుకుంటూ తిప్పాడు.

కరీంనగర్ దవాఖానలో పరీక్ష పెట్టింది శ్యాంసుందర్ అనే కుర్ర డాక్టరు. పక్కన నిలబడి అంకెలు రాస్తున్నది బెంజమిన్. ఆ దవాఖానలో వాడిది కాంట్రాక్టు కొలువు.

ఎనిమిదో నిమిషం. బక్కయ్య భుజాలు మండుతున్నాయి. పెదాలు కీర్తన గొణుగుతున్నాయి.

"ఏం పెద్దాయనా, చర్చికొచ్చిననుకున్నవా? పాట పాడుతున్నవంటే ఇంక దమ్మున్నట్టే గదా. జోర్‌గ తిప్పు," అన్నాడు డాక్టరు.

"నూట పన్నెండు సార్," అన్నాడు బెంజమిన్.

"చొక్కా గూడ తడవలే. నాటకాలా?"

నుదుటి చెమట బక్కయ్య కళ్ళలోకి కారుతోంది. "రొమ్ము కింద నాకు చెమట రాదు సారూ. గుండెను ఉరికించే నరం తెగింది. ఎంత తిప్పినా గుండె ఉరకది. నా తమ్మున్ని అడుగుండ్రి, మా ఇంటిదానికి గీ సంగతి జెప్పిందే వాడు."

డాక్టరు బెంజమిన్ వైపు తిరిగాడు. వచ్చే నెల వాడి కొలువు పొడిగించే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

బెంజమిన్ తల ఎత్తలేదు. "నాకు తెల్వది సార్."

బక్కయ్య చేతులు ఆపలేదు. రెండోసారి నాలుగో చరణం అయ్యేదాకా తిప్పాడు. నాడి నూట పన్నెండు దాటలేదు.

నెల తిరిగాక, ఆదివారం ప్రార్థన అయినంక, బెంజమిన్ గడపలోకి వచ్చాడు.

"అన్నా, సార్‌కు జెప్పిన. పుస్తకం చూసిండు, తప్పయిందన్నడు. గని ల్యాంప్ రూంల వేరే మనిషిని పెట్టుకున్నరు."

"నీ సంతకం అయ్యిందా?"

"అయ్యింది."

"అయినంకనే జెప్పినవు."

బెంజమిన్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తిట్టరాదే అన్నా! కొట్టు. ఏమన్న అను."

బక్కయ్య గూట్లోంచి పానా తీసి వాడి ముందు పడేశాడు. బల్లకున్న పెడళ్ళు చూపించాడు.

"ఇప్పు."

బెంజమిన్ ముక్కు తుడుచుకుంటూ రెండు పెడళ్ళూ ఊడదీశాడు.

"తీస్కపో. గీ ముచ్చట ఇంకోపారి నా ముంగట ఎత్తకు. నేను గూడ సచ్చేదాక ఎత్తను."

కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. తమ్ముడు ఏమేమో అంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత బక్కయ్య ఎన్నడూ ఆ ముచ్చట ఎత్తలేదు, అన్న మాట మీదే ఉన్నాడు.