విత్తనపు గుళ్లు

రాజాం దగ్గరి ఆ ఊళ్లో గున్నమ్మ నోటికి జడవని మనిషి లేడు. అయితే ఐదో నెల కడుపుతో ఉన్న కోడలు యమునకు రక్తం బాగా తక్కువగా ఉందని నర్సు నీలవేణి చెప్పిన రోజున ఆ నోరు కాస్తా మూతపడింది.

"మాత్రలు మానీకు. రోజూ గుప్పెడు వేరుశనగ గుళ్లు, బెల్లంముక్క తిను. బిడ్డకి కండ పడతాది, నీకు సత్తువొస్తాది" అంది నీలవేణి.

"వేడి సెయ్యదేటి?" అని ఒక పూట సణిగి, మర్నాటి నుంచి గున్నమ్మే కోడలి వెంటపడి తినిపించసాగింది.

మూడు వారాలకు ఇంట్లో గుళ్లు నిండుకున్నాయి. మిగిలినవి విత్తనానికి ఒలిచినవే. విత్తనమని పక్కన పెట్టాక విత్తేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు, పస్తున్నా సరే. నలభై ఏళ్లుగా ఆ కట్టడి కాపాడిన మనిషి ఆ పొద్దున తానే తప్పింది. చావిట్లో ఆరబోసిన వాటిలోంచి గుప్పెడు తీసి, కడిగి, ఉప్పేసి ఉడికించి యమున చేతికిచ్చింది. శుక్లాలు కమ్మిన కళ్లకు వాటి మీది ఎరుపు పొట్టు రంగులాగే కనిపించింది. ఏదో వాసన వేసింది గానీ గోనె వాసనేలే అనుకుంది.

తర్వాత కోడలు కట్టిచ్చిన క్యారేజీ పట్టుకుని పొలం వెళ్లింది. గట్టు మీద కూచుని చోడి అంబలి తాగి, పచ్చడి ఊడ్చి తినేసింది. అప్పుడొచ్చాడు కొడుకు ధర్మేంద్ర.

"అమ్మా, సావిట్లో గుళ్ల జోలికెళ్లకు. తెల్లారగట్ల మందు పట్టించాను. ఇసం అది."

గున్నమ్మ క్యారేజీ గట్టు మీదే వదిలేసి లేచింది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పి కొడుకు బండెక్కింది. బిడ్డనీ తల్లినీ నా చేత్తోనే చంపుకున్నానని దారంతా గుండెలు బాదుకుంది.

ఇంట్లో యమున చాప మీద పడుకుని ఉంది. పక్కన గిన్నె ఖాళీ.

"తినేసినావేటే? సెప్పు."

యమున కంగారుగా లేచి తల వంచుకుంది. "నేదత్తా. పొద్దుట్నుంచి వికారంగా ఉన్నాది. ఒక్కటీ తిన్లేదు."

"మరేటయిపోనాయి?"

"నీ పచ్చడిలో నూరేసినాను. రోజూ సగం నూరతన్నాను. నీకు నాకన్నా రక్తం తక్కువున్నాదని నీలవేణక్క సెప్పింది. సెప్తే నువ్వు తినవు కదా. ఈ రోజు మొత్తం ఏసేసినాను."

"నువ్వు తిన్లేదు కదా" అంటూ గున్నమ్మ ఊపిరి పీల్చుకుని గోడకు చేరబడింది. ధర్మేంద్ర ముఖం పాలిపోయింది. వాడు ఆటో కోసం పరుగెత్తాక గానీ తన కడుపులో ఏముందో ఆమెకు తట్టలేదు.

మందు డబ్బా ఒళ్లో పెట్టుకుని యమున ఆటోలో అత్త పక్కన కూచుంది. ఏడుస్తూనే ఉంది. గున్నమ్మకు కడుపులో తిప్పడం మొదలైంది, చెమటలు పోశాయి. తాను తిన్నదో లేదో ఈ యాభై ఐదేళ్లలో చూసినవాళ్లు లేరు. తనకూ ఆ లెక్క అక్కర్లేకపోయింది. ఇప్పుడు మాత్రం చచ్చిపోతానేమోనని భయం వేసింది.

ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టగానే డాక్టరు చెయ్యి పట్టుకుంది.

"బాబూ, ఏటైనా సెయ్యండి. నేను బతకాల."